ఆగస్టు 20: సికింద్రాబాదు ప్రపంచానికిచ్చిన తేదీ

ఏటా ఆగస్టు 20న ప్రపంచమంతా దోమల దినం పాటిస్తుంది. ఆ తేదీకి కారణం సికింద్రాబాదు. 1897లో ఇక్కడి బేగంపేట సైనిక ఆసుపత్రిలో ఒక డాక్టరు దోమ పొట్ట కోసి చూసి, వేల ఏళ్లుగా మనిషిని పీడిస్తున్న మలేరియా జ్వరం గుట్టు పట్టుకున్నారు. ఆ రోజు కథతో పాటు, చరిత్రలో అదే తేదీని పంచుకున్న మరికొన్ని ఘట్టాలూ ఇవి.

మచ్చల రెక్కల దోమ

ఆ డాక్టరు రోనాల్డ్ రాస్. 1857లో హిమాలయాల ఒడిలోని అల్మోరాలో పుట్టారు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, 19వ మద్రాసు పదాతిదళం డాక్టరుగా 1895లో సికింద్రాబాదు వచ్చారు. మలేరియా క్రిమిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే రోగి రక్తంలో చూశారు. అది ఒకరి ఒంట్లోంచి మరొకరి ఒంట్లోకి ఎలా వెళ్తోందన్నదే అంతుచిక్కని ప్రశ్న. దోమ మీద అనుమానం ఉంచమని లండన్‌లో రాస్‌కు చెప్పింది గురువు పాట్రిక్ మాన్సన్.

రాస్ రెండేళ్లు దోమల్ని కోస్తూనే ఉన్నారు, ఏమీ దొరకలేదు. ఆయన కోసినవన్నీ వేరే జాతులు కావడమే కారణం. 1897 ఆగస్టు నడుమ కొత్తరకం దోమలు చేతికొచ్చాయి. వాటి రెక్కల మీద మచ్చలున్నాయి. వాలినప్పుడు తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటాయి. వాటినే ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నాం.

ఆగస్టు ఉక్కపోతలో పంకా వేసుకునే వీలు కూడా లేదు, గాలికి కోసిన దోమ ఎగిరిపోతుంది. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలి ఉంది. అలాంటి పరికరంతోనే ఆగస్టు 20న, రోగి రక్తం తాగి నాలుగు రోజులైన ఒక దోమ పొట్ట గోడను అంగుళం అంగుళం వెతికారు. గుండ్రటి కణాలు కొన్ని కనిపించాయి. ఒక్కోటి దాదాపు 12 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త పెద్దది. అలాంటి కణాలు దోమలో ఉండవు. పైగా వాటి లోపల నల్లటి రేణువులున్నాయి. అచ్చం మలేరియా క్రిమిలో ఉండే రేణువులే! మర్నాడు ఇంకో దోమను కోస్తే అవే కణాలు మరింత పెద్దవై కనిపించాయి. క్రిమి దోమ ఒంట్లో బతికి ఎదుగుతోందని తేలిపోయింది. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతి అచ్చువేసింది.

పది అణాల సాయం

ఈ కథలో రెండో వ్యక్తి హుసేన్ ఖాన్. బేగంపేట ఆసుపత్రిలో చేరిన మలేరియా రోగి. ఆగస్టు 16న దోమతెరలో పడుకుని, ఆ మచ్చల రెక్కల దోమలు తన రక్తం తాగడానికి ఒప్పుకున్నారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇస్తామన్నది ఒప్పందం. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. ఒళ్లు కాలిపోతున్న జ్వరంలో మనిషి చేసిన ఆ సాయం లేకపోతే ఆగస్టు 20కి రాస్ బల్లమీద కోయడానికి దోమే ఉండేది కాదు. రాస్‌కు నోబెల్ వచ్చింది, సర్ బిరుదు వచ్చింది, విగ్రహాలు లేచాయి. హుసేన్ ఖాన్ పేరు మాత్రం రాస్ రాతల్లోంచి వెతికి తీసుకోవాల్సి వస్తోంది. సికింద్రాబాదు ఆ పేరును కూడా తన గొప్పవాళ్ల జాబితాలో చేర్చుకోవాలి.

తొలి రికార్డులు

రాస్‌కు 1902లో వైద్య నోబెల్ దక్కింది. ఆ బహుమతి అందుకున్న తొలి బ్రిటన్ పౌరుడు ఆయనే. భారతదేశంలో పుట్టినవారిలో తొలి నోబెల్ గ్రహీతా ఆయనే. మన గడ్డ మీద జరిగిన పరిశోధనకు వచ్చిన మొదటి నోబెల్ కూడా అదే. రామన్‌కు 1930లో వచ్చేసరికి దీనికి 28 ఏళ్లు నిండాయి.

నిజం చెప్పాలంటే సికింద్రాబాదులో తేలింది సగం కథ. బేగంపేట నుంచి రాస్‌కు బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో మరో ప్రాణిలోకి వెళ్తుందని చూపారు. మనిషి మలేరియాలో అనాఫిలిస్ పాత్ర మొత్తాన్ని నిరూపించింది ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీ బృందం. అయినా అసలు తాళం తెరుచుకున్నది ఇక్కడే. అందుకే దోమల దినానికి రాస్ ఎంచుకున్నది కలకత్తా తేదీని కాదు, ఈ ఆగస్టు 20నే.

జ్వరంలో పుట్టిన సిద్ధాంతం: 1858

రాస్‌కు ఏడాది వయసున్నప్పటి ఆగస్టు 20న లండన్‌లో లిన్నేయన్ సొసైటీ పత్రిక ఒక సంచిక అచ్చువేసింది. ప్రకృతి వరణం గురించి డార్విన్, వాలెస్ ఇద్దరి రచనలూ అందులో కలిపి వెలువడ్డాయి. ఆ ఏడాది మొదట్లో తూర్పు ఇండీస్ దీవుల్లో చలిజ్వరంతో పడి ఉన్నప్పుడే వాలెస్‌కు ఆ ఆలోచన తట్టింది. ఆ జ్వరం మలేరియాయే అన్నది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

మందు కనిపెట్టిన మనిషి: 1915

జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ కన్నుమూసింది 1915 ఆగస్టు 20న. బట్టలకు వేసే మిథిలిన్ బ్లూ రంగును 1891లో ఇద్దరు మలేరియా రోగులకు ఇచ్చి, అది పనిచేస్తుందని చూపింది ఆయనే. అప్పటిదాకా సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే క్వినైనే దిక్కు. మలేరియా మీద ప్రయోగశాలలో తయారైన మందును వాడడం అదే మొదలు.

బ్రహ్మసమాజం: 1828

రాజా రామమోహన్ రాయ్ కలకత్తాలో బ్రహ్మసమాజానికి నాంది పలికింది 1828 ఆగస్టు 20న. ఆ వెలుగు తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు ఇంట్లో, రఘుపతి వెంకటరత్నం నాయుడు తరగతి గదిలో దీపమైంది. కాకినాడ వెళ్లకముందు నాయుడుగారు ప్రిన్సిపాలుగా పనిచేసింది మన సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలోనే.

అంతరిక్షంలో తెలుగు: 1977

1977 ఆగస్టు 20న నాసా వాయేజర్-2ను ప్రయోగించింది. పేరుకు రెండోదైనా బయల్దేరింది ముందు ఇదే. వాయేజర్-1 సెప్టెంబరు 5న వెళ్లింది. యురేనస్, నెప్ట్యూన్ గ్రహాలను దగ్గరగా చూసిన నౌక ఇప్పటికీ ఇదొక్కటే. 2018 నవంబరులో సూర్యుడి ప్రభావ వలయాన్ని దాటి నక్షత్రాల నడుమకు చేరింది. అందులోని బంగారుపూత రికార్డు మీద 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో మన తెలుగూ ఉంది.

జననాలు

1944 ఆగస్టు 20న ముంబయిలో రాజీవ్ గాంధీ పుట్టారు. ఆ రోజును దేశం సద్భావనా దివస్‌గా జరుపుకుంటోంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు మారాయి. ఆ కొత్త విమానాశ్రయానికి పెట్టింది ఆయన పేరే. రాస్ పనిచేసిన భవనం పక్కనుంచి తరలిన విమానాలు అదే తేదీన పుట్టిన మనిషి పేరున్న చోట వాలుతున్నాయి. ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎన్.ఆర్. నారాయణమూర్తి పుట్టింది 1946లో ఇదే రోజున, కర్ణాటకలోని శిడ్లఘట్టలో.

విషాదాలు

1995 ఆగస్టు 20 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు దగ్గర ఆగి ఉన్న కాళింది ఎక్స్‌ప్రెస్‌ను పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. 350 మందికి పైగా చనిపోయారు. 2013లో పుణెలో మూఢనమ్మకాలపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను పొద్దున నడకకు వెళ్లినప్పుడు కాల్చి చంపారు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. తెలంగాణ ఇళ్లలో దీపాలు వెలిగించే పనిలో ఉన్నవాళ్లు వాళ్లు.

ఈ తేదీన మన పని

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర రాస్ పనిచేసిన భవనం ఉంది. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవి శాస్త్ర సంస్థ. జంటనగరాల బడిపిల్లలు ఏటా ఒక్కసారైనా చూడాల్సిన చోటు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికీ, అంటే మన కోరంటి దవాఖానకూ, ఆయన పేరే.

దోమతో పోరు ఇంకా ముగియలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26 కోట్లకు పైగా మలేరియా కేసులు వచ్చాయి, దాదాపు 6 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పిల్లలు. మన నగరంలో ఇప్పుడు డెంగీ తెచ్చే ఏడిస్ దోమ బెడద ఎక్కువ. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. కూలరు తొట్టి, పూలకుండీ కింది పళ్లెం, డాబా మీద పడేసిన టైరు, మూతలేని డ్రమ్ము వారానికోసారి వంచి ఆరబెడితే ఆ చక్రం అక్కడే తెగుతుంది. ఫ్రైడే డ్రైడే అని మునిసిపాలిటీ వాళ్లు చెప్పేది ఇదే. ప్రపంచానికి దోమ గుట్టు చెప్పిన ఊరు ఆ పాఠాన్ని అందరికంటే ముందు ఆచరణలో పెట్టాలి.