ఆఫీసుకు ఏ దారిలో తొందరగా చేరతాం?

హైదరాబాద్‌లో ఎవరినైనా "మీ ఆఫీసు ఎంత దూరం?" అని అడిగి చూడండి. "ఇరవై అయిదు కిలోమీటర్లు" అని చెప్పేవాళ్లు తక్కువ. "పొద్దున అయితే గంటన్నర, ఆదివారం అయితే ముప్పావు గంట" అంటారు. దారి ఒక్కటే. కానీ పట్టే సమయం రోజుకో రకంగా ఉంటుంది. అందుకే అక్కడ ఉద్యోగంలో చేరిన ప్రతివాళ్లూ ముందుగా తేల్చుకునే విషయం ఇదే: బస్సా, క్యాబా, మెట్రోనా, లేక సొంత బండా?

ఊరికి ఒక చివర ఇల్లు, ఇంకో చివర ఆఫీసు

ఒకప్పుడు చాలామంది ఉద్యోగాలు ఊరి మధ్యలోనే ఉండేవి. ఆబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ అలాంటి చోట్లు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత కంప్యూటర్ కంపెనీలు అటువైపే, అంటే ఊరికి పడమరగా, పెరుగుతూ వచ్చాయి. కానీ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, ఉప్పల్ లాంటి తూర్పు వైపు పేటల్లో ఇళ్లున్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. పిల్లల బడి, అమ్మానాన్నలు, సొంత ఇల్లు... ఇవన్నీ వదిలి మారడం తేలిక కాదు కదా! అందుకే వాళ్లు రోజూ ఊరిని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటుతుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ పిన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుందనుకోండి. ఆమె ఆఫీసు రాయదుర్గంలో. తొమ్మిదిన్నరకల్లా అక్కడ వేలిముద్ర వేయాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే సగం రోజు సెలవు పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బాబు స్కూలు బస్సు ఏడూ యాభైకి వస్తుంది. వాడిని ఎక్కించాకే ఆమె బయలుదేరాలి. అంటే ఏడూ యాభై అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆమె చేతిలో ఉన్నది 95 నిమిషాలు.

ఏ బండి వేగంగా పోతుంది అన్నది కాదు

సాధారణంగా మనం బండి వేగమే చూస్తాం. కానీ ప్రయాణం మన గుమ్మం దగ్గర మొదలై ఆఫీసు గుమ్మం దగ్గర ముగుస్తుంది. మధ్యలో నడక, ఎదురుచూడటం, ఎక్కడం, దిగడం, మారడం అన్నీ ఉంటాయి. ఇవన్నీ అంచెలు. ప్రతి అంచెకూ కొంత సమయం పడుతుంది.

మెట్రోతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా ఉన్న భాగం 2018లో, రాయదుర్గం దాకా ఉన్న భాగం 2019 చివర్లో తెరిచారు. పిన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎర్ర లైను రైలు ఎక్కాలి. పదమూడో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగి, మెట్లు ఎక్కి దిగి, నీలం లైను రైలు పట్టుకోవాలి. అక్కడి నుంచి తొమ్మిదో స్టేషన్ రాయదుర్గం. స్టేషన్‌కు రెండేసి నిమిషాలు వేసుకుని లెక్క చూద్దాం:

ఇంటి నుంచి స్టేషన్‌కు నడక: 8 నిమిషాలు
మెట్లు, బ్యాగు తనిఖీ, గేటు: 5
రైలు కోసం ఎదురుచూడటం: 4
అమీర్‌పేట దాకా: 26
అమీర్‌పేటలో రైలు మారడం: 6
రాయదుర్గం దాకా: 18
స్టేషన్ నుంచి ఆఫీసుకు షేర్ ఆటో: 12

మొత్తం 79 నిమిషాలు. ఇందులో రైలు కదిలేది 44 నిమిషాలే! మిగిలిన 35 నిమిషాలు నడకకూ, నిలబడటానికీ, ఆటోకూ పోతాయి.

చివరి అంచె మీద చాలా ఆధారపడి ఉంటుంది. స్టేషన్ బయట షేర్ ఆటో అన్న "ఎక్కుండ్రమ్మా, ఇంకొక్కరు వస్తే పోదాం" అంటాడు. ఆ ఒక్కరు వచ్చేసరికి అయిదు నిమిషాలు గడిచిపోవచ్చు. ఆఫీసు స్టేషన్ ఎదురుగానే ఉంటే ఈ బాధ లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే ఈ ఒక్క అంచే ఇంకా పెరుగుతుంది.

క్యాబ్ సంగతి

క్యాబ్‌కు అంచెలు తక్కువ. ఇంటి ముందు ఎక్కి ఆఫీసు ముందు దిగవచ్చు. కానీ దారిలో సిగ్నళ్లు, రద్దీ ఉంటాయి. పెద్ద వాన పడితే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. మెట్రో స్తంభాల మీద పోతుంది కాబట్టి దానికి ఆ గొడవ లేదు.

ఇప్పుడు ఒక వారం లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు.

క్యాబ్: సోమవారం 80, మంగళవారం 70, బుధవారం 100, గురువారం (వాన) 110, శుక్రవారం 65. సగటు 85 నిమిషాలు.
మెట్రో: సోమవారం 79, మంగళవారం 79, బుధవారం 83, గురువారం 87, శుక్రవారం 77. సగటు 81 నిమిషాలు.

సగటులో తేడా నాలుగు నిమిషాలే. మంగళ, శుక్రవారాల్లో క్యాబే ముందు చేరింది కూడా. కానీ పిన్ని దగ్గర ఉన్నవి 95 నిమిషాలు. క్యాబ్‌లో వెళ్తే బుధ, గురువారాల్లో ఆలస్యమే. మెట్రోలో ఒక్కరోజు కూడా ఆలస్యం కాదు.

అసలు విషయం ఇదే. వేళకు చేరి తీరాలంటే బాగున్న రోజును చూసి దారి ఎంచుకోకూడదు. అన్నిటికంటే ఆలస్యమైన రోజు ఎంత పట్టిందో చూడాలి.

మిగతా దారులు

ఆర్టీసీ బస్సులో అయితే తెలంగాణలో ఉండే ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. (జాగ్రత్త! మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సే, రైలు కాదు.) డబ్బు మిగులుతుంది. కానీ బస్సు కూడా క్యాబ్ లాగే రద్దీలో ఇరుక్కుంటుంది, పైగా దారిలో ఆగుతూ పోతుంది.

ఎంఎంటీఎస్ రైలు 2003లో మొదలైంది. టికెట్ చాలా తక్కువ. మలక్‌పేటలో ఎక్కవచ్చు. అయితే అది సికింద్రాబాద్ మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. ఒక రైలు తప్పిపోతే ఇంకోదానికి చాలాసేపు ఆగాలి. ఇంకో సంగతి, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ ఒకచోట లేవు. పేరు చూసి దిగితే మళ్లీ ఆటో వెతుక్కోవాలి.

స్కూటర్ అయితే రద్దీలో సందు చూసుకుని పోవచ్చు. కానీ రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్లు, ఎండలో, వానలో నడపాలి. చేరేసరికి ఒళ్లు అలిసిపోతుంది.

పొద్దున ఎంచుకున్న దారే సాయంత్రం కూడా పట్టాలని లేదు. సాయంత్రం వేలిముద్ర తొందర ఉండదు. అప్పుడు పిన్ని "కూర్చునే సీటు దొరికితే చాలు, పది నిమిషాలు ఆలస్యమైతే ఏమైతది?" అని బస్సెక్కవచ్చు.

మాట తెలుసుకుందాం

సమయం గురించి చెప్పేటప్పుడు "పట్టు" అనే క్రియ వాడతాం: గంట పడుతుంది, గంట పట్టింది, ఎంతసేపు పడుతుంది? "కల్లా" అంటే ఆ వేళ దాటకుండా అని: తొమ్మిదిన్నరకల్లా చేరాలి.

మీరు చేయండి

మీరు దుబాయ్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా మీ ఇంట్లో పనికి వెళ్లేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లను తెలుగులో ఇలా అడగండి:

1. మీరు ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరతారు? ఎన్నింటికల్లా చేరాలి?
2. దారిలో ఎన్ని అంచెలు ఉన్నాయి? ఏ అంచెకు ఎంతసేపు పడుతుంది?
3. ఈ నెలలో అన్నిటికంటే ఆలస్యమైన రోజు ఎంతసేపు పట్టింది? ఎందుకు?

జవాబులు రాసుకుని, అంచెల సమయాలు కూడండి. వాళ్లు "అరగంటే" అని చెప్పిన ప్రయాణం నిజంగా అరగంటేనా?