పోలీసుల మీదే ప్రభుత్వం కేసు వేస్తే? అరిజోనాలో ఏం జరిగింది?

పోలీసులు మీ బండి ఆపారు. మీరు రూల్ తప్పారని కాదు, మీ ముఖం చూసి. ఎవరికి చెప్పుకుంటారు? అమెరికాలో లాటినోలకి, అంటే మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లకి, ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది.

అరిజోనా రాష్ట్రంలో మారికోపా కౌంటీ ఉంది. మన జిల్లా లాంటిదనుకోండి. ఫీనిక్స్ సిటీ ఇందులోదే. అక్కడి పోలీసు అధికారి అయిన షెరిఫ్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. జో అర్పాయో 24 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. అక్రమంగా వచ్చినవాళ్లని పట్టుకోవాలని ఆయన సిబ్బంది రోడ్ల మీద తనిఖీలు పెట్టారు.

2007లో ఒక కారు ఆపారు. అందులో ఉన్న మెక్సికో టూరిస్టు దగ్గర వీసా ఉంది. అయినా గంటల తరబడి నిర్బంధించారు. ఆయనా, మరికొందరూ కోర్టుకెళ్లారు. 2013లో జడ్జి ముర్రే స్నో తేల్చేశారు: జాతి చూసి ఆపడం రాజ్యాంగ విరుద్ధం.

మరి ప్రభుత్వం ఏం చేసింది? 1991లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన వీడియో బయటికొచ్చాక, 1994లో ఒక చట్టం తెచ్చారు. తప్పు ఒక్క పోలీసుది కాకుండా మొత్తం డిపార్ట్‌మెంట్‌కే అలవాటైతే, కేంద్ర న్యాయశాఖే కేసు వేయొచ్చు. 2012లో మారికోపా మీద అలాగే వేసింది.

కోర్టు ఏం చెప్పిందంటే, ఆపిన ప్రతి బండి వివరం రాయాలి, ఒంటి మీద కెమెరా ఉండాలి, బయటి పర్యవేక్షకుడు చూడాలి. ఎందుకంటే ఒక్కడు చెబితే "నీ భ్రమ" అంటారు. వేల లెక్కలు ఒకచోట పెడితే ఎవరూ కొట్టిపారేయలేరు.

కోర్టు ఆదేశం ధిక్కరించినందుకు 2017లో అర్పాయో దోషి అని తేలింది. శిక్ష పడకముందే ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. 2025లో అయితే మినియాపొలిస్, లూయిస్‌విల్ పోలీసుల మీద పెట్టిన కేసుల నుంచి న్యాయశాఖే తప్పుకుంది.

చూశారా? ప్రభుత్వం అండ ఎన్నికలతో మారిపోతుంది. మారికోపాలో ముందు కోర్టు మెట్లెక్కింది మామూలు జనం. అందుకే అర్పాయో పోయినా ఆ ఆదేశం పోలేదు.

మన తెలుగు పిల్లలు చదువుకునే టెంపే కూడా ఈ కౌంటీలోనే ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ టూరిస్టు అమెరికా పౌరుడు కాదు. అయినా రాజ్యాంగం ఆయన పక్కన నిలబడింది.