పులి కనపడకపోయినా ఉన్నట్టే



సెలవులకి ఇంటికి పోయి వచ్చినప్పుడల్లా నన్ను అందరూ అడిగేది ఒకటే, "పులిని చూసినావా?" అని. నేను నల్లమలలో చెంచు పెంటలో పుట్టినా. ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఉండాదని తెలుస్తాది. ఎట్లాగో చెప్తాను.

కురిచేడు నుంచి మార్కాపురం పోయి దోర్నాల బస్సు ఎక్కాలి. దోర్నాల దాటినాక శ్రీశైలం దారిలో తుమ్మలబైలు వస్తాది. అక్కడ అటవీశాఖ వాళ్ళు జీపులో అడవి చూపిస్తారు. ఇదే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్టు టైగర్ కింద చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయినాక కృష్ణ అవతలి అడవి తెలంగాణకు పోయి అమ్రాబాద్ అభయారణ్యం అయింది.

జీపులో కేకలు పెట్టొద్దు. పాటలు అసలే వద్దు. చెవి పెట్టి వినాలి. కొండముచ్చు ఊరికే కూడా భయపడి అరుస్తాది. కణితి అట్లా కాదు, అది అదేపనిగా అరిచిందంటే పులో చిరుతో దగ్గర్లో ఉన్నట్టే అంటాడు మా నాయన. తర్వాత ఇసకలో అడుగులు చూడాలి. పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాది, అందుకని అడుగులో గోరు గుర్తు పడదు. కుక్క అడుగులో పడతాది. మగపులి అడుగు చదరంగా ఉంటాది, ఆడపులిది కొంచెం పొడుగు.

లెక్కపెట్టడానికి చెట్లకి కెమెరాలు కడతారు. పులి చారలు మన వేలిముద్రల మాదిరి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. కుడిపక్క చారలు ఎడమపక్క చారలు కూడా వేరే. అందుకే దారికి అటొకటి ఇటొకటి రెండు కెమెరాలు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా దోర్నాల గేటు మూసేసేది జంతువులు బండ్ల కింద పడకుండా.

బస్సులో ఒకాయన, "పులుల అడవిలో మనుషులెందుకు?" అన్నాడు. మా తాతల నాటి నుంచి ఉన్నాం కదా! 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పులుల కోసమైనా సరే, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మమ్మల్ని కదిలించకూడదని అందులో ఉంది. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. ఈ సంగతి అవ్వకి చెప్తే, "ఒప్పుకోలు కాయితమంటే ఎట్లుంటాది?" అని అడిగింది. అవ్వ వేలిముద్ర వేస్తాది. ఏ కాయితం వచ్చినా నాచేత చదివించుకున్నాకే వెయ్యమని చెప్పి వచ్చినా.