మెకానిక్ నుంచి సర్వీస్ మేనేజర్ దాకా: మన పిల్లలు ఆగిపోతున్నదెక్కడ?

హోసూరు, బాగలూరు, సూళగిరి, డెంకణీకోట వైపు ఏ తెలుగు ఊరికి వెళ్ళినా బండ్ల పని తెలిసిన కుర్రాడు ఒకడైనా ఉంటాడు. 1970ల్లో సిప్‌కాట్ వచ్చింది. 1980లో టీవీఎస్ మోపెడ్ ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. అశోక్ లేలాండ్ వచ్చింది. ఆ ఫ్యాక్టరీల చుట్టూ, 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా షోరూములు, వర్క్‌షాపులు, లారీ షెడ్లు పుట్టుకొచ్చాయి. వాటిలో పానా పట్టేవాళ్ళలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. అద్దాల గదిలో సర్వీస్ మేనేజర్ కుర్చీ మీద మాత్రం, మాకు కనిపించినంతలో, తక్కువ మందే.

సర్వీస్ మేనేజర్ అంటే అందరికంటే బాగా బండి రిపేరు చేసేవాడని, పెద్ద మేస్త్రీ లాంటివాడని ఇళ్ళలో అనుకుంటారు. పెద్ద వర్క్‌షాపుల్లో ఆ పని ఫ్లోర్ సూపర్‌వైజర్ది. మేనేజరు చూసుకోవాల్సినవి వేరే ఉంటాయి. పొద్దున ఎన్ని బండ్లు లోపలికి వచ్చాయి, ఏ బండికి పార్టు రాలేదు, సాయంత్రం 5 గంటలకు ఇస్తామన్న బండి ఆ వేళకు రెడీ అవుతుందా, వారంటీ క్లెయిము ఎందుకు తిరిగొచ్చింది, నిన్న బండి తీసుకెళ్ళినాయన కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తే ఎన్ని మార్కులు వేశారు. వీటన్నిటికీ ఆయనే జవాబు చెప్పాలి.

అన్నిటికంటే ముందు గంటల లెక్క. పది మంది మెకానిక్‌లు, రోజుకు 8 గంటల చొప్పున మొత్తం 80 గంటలకు జీతం ఇస్తున్నారనుకుందాం. ఆ రోజు జాబ్ కార్డుల్లో బిల్లయిన లేబర్ 52 గంటలు. అంటే 65 శాతం. మిగతా 28 గంటలు ఎక్కడికి పోయాయి? పార్టు కోసం కూర్చున్నారు, లిఫ్టు ఖాళీ లేదు, అదనపు పనికి ఒప్పుకోమని అడగడానికి ఫోన్ చేస్తే కస్టమర్ ఎత్తలేదు, నిన్న చేసిన పనే మళ్ళీ చేయాల్సి వచ్చింది. అందులో 10 గంటలు వెనక్కి రాబట్టినా, గంటకు 500 రూపాయల లేబర్ అనుకుంటే రోజుకు 5,000. నెలలో 25 పనిదినాలకు 1,25,000. యజమాని మేనేజర్‌ని పెట్టుకునేది ముఖ్యంగా ఇందుకే. బోల్టు ఎంత టైటు చేయాలో తెలిసినా ఈ లెక్క తెలియకపోతే ఆ కుర్చీ దగ్గరికి రానివ్వరు.

మరి మెకానిక్ అక్కడికి చేరేదెలా? దారి ఎక్కువగా సర్వీస్ అడ్వైజర్ కౌంటర్ మీదుగానే పోతుంది. బండి తెచ్చినవారితో మాట్లాడి, ఫిర్యాదు రాసుకుని, ఎస్టిమేట్ చెప్పి, సాయంత్రం బిల్లు వివరించి తాళం చేతికిచ్చే మనిషి అడ్వైజర్. మన పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. ‘నాకు పని వచ్చు, ఆ కాగితాల గోల నాకెందుకు’ అని ఫ్లోర్ మీదే ఉండిపోతారు. పదేళ్ళ తర్వాత తమకంటే తక్కువ పని తెలిసిన మనిషి పైన కూర్చుని ఉంటాడు.

ఆ కాగితంలో ఏముందో ఒక్క ఉదాహరణతో చూడండి. ‘ముందు వైపు సౌండ్ వస్తోంది’ అంటారు కస్టమర్. అడ్వైజర్ అంతే రాస్తే మెకానిక్‌కి అరపూట పోతుంది. గుంతల మీద పోతున్నప్పుడా, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా, వేగం పెరిగేకొద్దీ పెరుగుతోందా అని అడగాలి. గుంతల్లో టకటకమంటే ముందు స్టెబిలైజర్ లింకులు, బుష్‌లు చూస్తారు. మలుపులో టిక్ టిక్‌మంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. వేగంతో పాటు హోరు పెరిగితే వీల్ బేరింగు లేదా టైరు. షెడ్డులో పని చేసిన మనిషికి ఈ ప్రశ్నలు నోటి చివర ఉంటాయి. డిగ్రీ చదివి నేరుగా కౌంటర్‌లోకి వచ్చినవారికి ఇవి నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. అంటే మనవాళ్ళ చేతిలో ఉన్న పెట్టుబడి చిన్నదేం కాదు.

రెండో పెట్టుబడి భాష. హోసూరు కౌంటర్‌కి ఒకే పూటలో తమిళం మాట్లాడే టీచరు, అత్తిబెలె నుంచి కన్నడం మాట్లాడే రైతు, హిందీ లారీ డ్రైవరు, తెలుగు పూల వ్యాపారి వస్తారు. మన పిల్లలకు ఇందులో మూడు భాషలు ఇంట్లోనో వీధిలోనో వచ్చేస్తాయి. బళ్ళారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ మాట్లాడుతూ పెరిగిన మనవాళ్ళకూ ఇంతే. ఇబ్బంది రాతలో ఉంది. వర్క్‌షాపు కంప్యూటర్‌లో జాబ్ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, కంపెనీకి వెళ్ళే వారంటీ నోటూ ఇంగ్లీషే. గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. ఏమి ఫిర్యాదు, ఏమి చూశాం, ఏది పాడైంది, ఏమి మార్చాం అని నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాయగలిగితే చాలు. మెకానిక్‌గా ఉన్నప్పుడే రోజూ రెండు పాత జాబ్ కార్డులు చూసి సొంతంగా రాసుకుంటే ఏడాదిలో చేయి తిరుగుతుంది.

చదువు సంగతి. పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్ళు. ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్ళు. చాలా ఇళ్ళలో తెలియని సంగతి ఏమిటంటే, రెండేళ్ళ ఐటీఐ పాసైతే తమిళనాడులో డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. మేనేజర్ ఉద్యోగానికి డీలర్లు సాధారణంగా డిప్లొమా లేదా ఇంజనీరింగ్ అడుగుతారు కాబట్టి ఈ మెట్టు విలువైంది. బడి మానేసి షెడ్డులో చేరినవాళ్ళకు కూడా అనుభవం మీద ప్రైవేటు అభ్యర్థిగా ట్రేడ్ పరీక్ష రాసే వీలుంది. ఎవరు అర్హులో, ప్రకటన ఎప్పుడు వస్తుందో దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐలో కనుక్కోండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో పెద్ద వర్క్‌షాపులో చేరితే పనితో పాటు అక్కడి పద్ధతులూ అలవాటవుతాయి.

అడ్వైజర్ అయ్యాక నేర్చుకోవాల్సినవి మరికొన్ని. వారంటీలో తీసిన పాత పార్టుకు చీటీ కట్టి దాచకపోతే క్లెయిము పోతుంది. ప్రమాదం జరిగిన బండిని ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకముందే విప్పకూడదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో 50 శాతం తరుగు కింద కోస్తారు. ఈ ముక్క ముందే చెప్పకపోతే బిల్లు రోజున గొడవ ఖాయం. తీసిన పాత ఆయిల్‌ని కాలువలో పోయకూడదు, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. అధికారులు అడిగితే మేనేజరే లెక్క చూపించాలి.

మనుషుల సంగతి ఇంకాస్త కష్టం. ముప్పై ఏళ్ళ మేనేజర్ కింద యాభై ఏళ్ళ మెకానిక్ ఉంటారు. ‘అన్నా, ఈ బండి మీరు చూస్తేనే తేలుతుంది’ అని అడిగితే ఆయన ఆ పూట పని వదిలిపెట్టరు. నలుగురిలో తప్పు ఎత్తి చూపితే మర్నాడు సెలవు పెడతారు.

ఇప్పుడే ఎందుకు ఆలోచించాలంటే, మన చుట్టూనే కాలం మారుతోంది. హోసూరులో ఏథర్, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారవుతున్నాయి. వాటికి ఇంజన్ ఆయిల్ ఉండదు, ప్లగ్గు ఉండదు, క్లచ్ ఉండదు. వాటిలో లోపం వెతకడానికి పానా కంటే ముందు కంప్యూటర్ తెరవాలి. ఆయిల్ మార్చే పని మీద నడిచే చిన్న షెడ్లకు ఇది తగులుతుంది.

సర్వీస్ మేనేజర్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఒకే ఫిర్యాదుతో ఒక కస్టమర్ మూడోసారి వచ్చాడు, ఏం చేస్తావు?’ బండిని మళ్ళీ బాగా చూస్తానని మెకానిక్ చెప్తాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఇంకొంచెం వినాలనుకుంటారు. ముందు ఆయన పక్కన కూర్చుని బండి నడిపించి ఆ శబ్దం నేనే వింటాను, పాత రెండు జాబ్ కార్డులు తెరిచి ఏం రాశామో, ఏం మార్చామో చూస్తాను, ఈసారి వేరే మెకానిక్‌కి ఇస్తాను, అదే లోపమైతే లేబర్ తీసుకోను, బండి ఇచ్చాక మూడో రోజు నేనే ఫోన్ చేస్తాను.