కొండ లేని సీమ: తెనాలి, బాపట్ల, రేపల్లెల నేల, నీరు, గాలి

తెనాలిలో రైలెక్కి రేపల్లె వైపు వెళ్ళేవారికి దారి పొడవునా కొండ అన్నది కానరాదు. వరిచేలు, కాలువగట్లు, తాటిచెట్లు, మధ్యమధ్య ఊళ్ళు, అంతే. రేపల్లెతో పట్టాలు ఆగిపోతాయి. అవతల మిగిలింది కృష్ణానది చివరి పాయ, లంకలు, మడ అడవులు, బంగాళాఖాతం. బాపట్ల వైపు వెళితే నేల రంగు మారుతుంది. నల్లరేగడి పోయి ఇసుక వస్తుంది. తాటిచెట్ల సరసన సరుగుడు, జీడిమామిడి కనిపిస్తాయి. మూడు పట్టణాలూ 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. మూడూ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. ఇక్కడి పంటను, ప్రయాణాన్ని, చివరకు వంటింటి బిందెలోని నీటి రుచిని కూడా నిర్ణయించేది ఆ కొద్ది మీటర్ల లెక్కే.

పోలికకు జపాను మధ్యభాగంలోని మత్సుమోతో అనే పర్వతనగరాన్ని తీసుకుందాం. అది సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున, నలువైపులా కొండలున్న లోయలో ఉంది. అక్కడ ఏడాదికి కురిసే వాన వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మన డెల్టాలోనూ ఇంచుమించు అంతే. మొత్తం ఒకటే అయినా బతుకు ఒకటి కాదు. తుఫాను గాలి ఆ లోయను చేరేలోపు కొండలు దాని బలాన్ని చాలావరకు తగ్గిస్తాయి. పడిన వాన వాలు వెంట పరుగెత్తి వెళ్ళిపోతుంది. ఇక్కడ గాలికి అడ్డు లేదు, నీటికి వాలు లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల శీతోష్ణస్థితి గురించి చెప్పవలసినదంతా ఒక విధంగా ఈ రెండు లోపాల కథే.

వాలు సంగతి మొదట చూద్దాం. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీలో నిలిచే నీటిమట్టం సముద్రానికి సుమారు 17 మీటర్ల ఎత్తు. అక్కడినుంచి సముద్రం ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరం. అంటే కిలోమీటరుకు జానెడు వాలు! ఇంత స్వల్పమైన వాలులో నీటిని కాలువలో నడిపించి చివరి చేను దాకా చేర్చడం చిన్న పని కాదు. 1832-33 నాటి గుంటూరు కరువులో జిల్లా జనాభాలో దాదాపు మూడోవంతు నశించింది. ఆ తరువాతే కృష్ణపై ఆనకట్ట ఆలోచన బలపడి, 1852లో పని మొదలై 1855 నాటికి పూర్తయింది. ఆ ఆనకట్టకు 1952లో గండిపడటంతో దాని ఎగువన కట్టినదే నేటి ప్రకాశం బ్యారేజీ. అది 1957లో వినియోగంలోకి వచ్చింది. దాని కింద నదికి రెండువైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

పడమటి ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల వద్ద చీలుతుంది. తెనాలి పట్టణం గుండా పారే మూడు కాలువలూ అక్కడి నుంచి వచ్చినవే. కొమ్మమూరు కాలువ బాపట్ల ప్రాంతపు పొలాలకు నీరిస్తూ పెదగంజాం వరకు సాగి, అక్కడ బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఒకప్పుడు బెజవాడలో పడవ ఎక్కినవారు ఈ దారిన మద్రాసు దాకా వెళ్ళగలిగేవారు. పడవలు పోయాయి. లాకులు మాత్రం కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. వాటిని చూసినవారికి ఇంత చదునైన నేలలో నీటిని మెట్లుమెట్లుగా దింపిన నేర్పు తెలుస్తుంది.

కాలువ నీటిని తెస్తే, మురుగు కాలువ దానిని తీసుకుపోవాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. నల్లమడ, రొంపేరు వంటి మురుగు కాలువలు కలిసేది సముద్రంలో. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది. పోటు సమయంలో కాలువ నోరు మూసుకుపోయినట్లే; నీరు వెళ్ళకపోగా కొన్నిచోట్ల ఉప్పునీరు వెనక్కి ఎక్కివస్తుంది. కనుక పైన వాన ఆగిన తరువాత కూడా రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల చేలలో నీరు రోజుల తరబడి నిలుస్తుంది. మురుగు కాలువలో తూడు, గుర్రపుడెక్క పేరుకుంటే ఇక చెప్పనక్కరలేదు. పూడికతీత జరగని ఏడాదికీ, జరిగిన ఏడాదికీ మధ్య భేదాన్ని ఈ ప్రాంతపు కౌలురైతు ఏ అధికారికంటే కూడా బాగా చెప్పగలడు.

ఇక ఋతువులు. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా ఎండాకాలం. తీరప్రాంతం కనుక మధ్యాహ్నానికి సముద్రపు గాలి వీచి వేడిని కొంత తగ్గిస్తుంది. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ తేడాయే ఆ గాలికి మూలం. అయితే రోహిణి కార్తెలో పడమటి నుంచి వడగాలి బలంగా వీచినప్పుడు సముద్రపు గాలి తీరం దాటి రాలేదు. అటువంటి రోజుల్లోనే ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకుతుంది. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకు మూడువేల మందికి పైగా మరణించారు. సముద్రపు గాలి వచ్చిన రోజున మరొక బాధ: ఉక్క. చెమట పడుతుంది కాని ఆరదు. ఆరని చెమట శరీరాన్ని చల్లబరచదు. ఎండమాపకంలో 38 డిగ్రీలే చూపినా ఇంట్లోని వృద్ధులకు, బాలింతలకు ఆ రోజు ప్రమాదం తక్కువేమీ కాదు.

మన ఇళ్ళలో ఋతువుల లెక్క మరొక విధంగా కూడా జరుగుతుంది. చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కంటే దాదాపు 11 రోజులు చిన్నది కనుక, రంజాన్ మాసం సుమారు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. 2018లో అది మే, జూన్ నెలల్లో వచ్చింది. జూన్‌లో ఈ ప్రాంతంలో సహరీ నుంచి ఇఫ్తార్ దాకా 14 గంటలకు పైగా గడుస్తుంది. డిసెంబరులో 12 గంటల చిల్లర. మత్సుమోతోలో నివసించే ముస్లింకు జూన్ ఉపవాసం 16 గంటలు దాటుతుంది కాని, అక్కడ ఈ ఉక్క ఉండదు. 2030లో రంజాన్ రెండుసార్లు ప్రారంభమవుతుంది: ఒకసారి జనవరిలో, మరొకసారి డిసెంబరు చివరిలో. ఆ వెనుక అది వెనక్కి జరుగుతూ 2033 నుంచి కొన్నేళ్ళపాటు నవంబరు, అక్టోబరు నెలల్లోకి వస్తుంది. ఉపవాసానికి అవి సుఖమైన నెలలే. తీరానికి మాత్రం కావు.

ఎందుకంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. నైరుతి ఋతుపవనాలు వానలో అధికభాగాన్ని ఇచ్చినా, దాదాపు మూడోవంతు ఈ చివరి నెలల్లోనే పడుతుంది. అందులో కొంత మామూలు వాన, కొంత వాయుగుండాల వాన. రెండవది పంచిపెట్టినట్లు రాదు, కుమ్మరించినట్లు వస్తుంది.

1977 నవంబరు 19న వచ్చిన తుఫానును ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ 'దివిసీమ ఉప్పెన' అంటారు. బక్రీదు రెండు మూడు రోజుల్లో ఉందనగా అది వచ్చింది. పదివేల మందికి పైగా మరణించారు. దానిలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల దగ్గర. సముద్రం ఊళ్ళపై పడింది ప్రధానంగా అక్కడికి ఈశాన్యంగా ఎంతో దూరాన, కృష్ణకు అవతల ఉన్న దివిసీమలో. ఇది వింత కాదు. భూమి ఉత్తరార్ధంలో తుఫాను గాలులు గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతాయి. ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వచ్చే తుఫానుకు కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. అది నీటిని ఒడ్డుకు నెడుతుంది. ఎడమవైపున గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే, నెట్టబడిన నీటికి పోవడానికి చోటు లేక గోడలా పైకి లేస్తుంది. అదే ఉప్పెన.

దీనిని ఇంటివారందరూ తెలుసుకోవాలి. 'తుఫాను చీరాల వద్ద తీరం దాటుతుంది' అని వార్త వచ్చినప్పుడు, రేపల్లె, నిజాంపట్నంవారు అది తమకు దూరమని ఊరట చెందకూడదు. కుడివైపు ఉన్నది వారే. మచిలీపట్నానికి పైన దాటేదయితే బాపట్లవారికి ఉప్పెన భయం తక్కువ, వాన భయం అలాగే ఉంటుంది. కేంద్రం మన ఊరి మీదుగానే వెళితే మధ్యలో గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. అంతా అయిపోయిందని బయటికి వచ్చినవారిపై కొద్దిసేపటికే ఎదురు దిశ నుంచి మళ్ళీ గాలి విరుచుకుపడుతుంది. గాలి ఆగిందని కాదు, రేడియోలోనో ఫోనులోనో కేంద్రం దాటిపోయిందని విన్నాకే తలుపు తీయాలి.

1990 మే 9న కృష్ణ సంగమ ప్రాంతంలో తీరం దాటిన తుఫాను గాలుల బలంలో 1977 నాటిదానికి తీసిపోదు. మృతులు 967 మంది. అదీ పెద్ద సంఖ్యే. అయినా పదివేలకూ వేయికీ మధ్య ఉన్న తేడా ఆకాశం నుంచి దిగిరాలేదు. ఉపగ్రహ చిత్రాలు, తీరంలోని రాడారు, ముందస్తు హెచ్చరిక, 1977 తరువాత కట్టిన రక్షిత భవనాలు, లక్షలాది జనాన్ని ముందే తరలించిన సిబ్బంది కలిసి సాధించినది అది. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్లకు సమీపాన తీరం దాటిన మిచాంగ్ తుఫానులో గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. అది ప్రాణాలను వెతకలేదు, చేలను వెతికింది. కోసి పరచిన వరి పనలు నీళ్ళలో తేలాయి, కోయనివి నేలకు ఒరిగాయి.

అది దురదృష్టం అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఈ డెల్టాలో ఎక్కువగా వేసే సాంబ మషూరి, అంటే బి.పి.టి. 5204, బాపట్లలోనే రూపొంది 1986లో విడుదలైంది. సన్నబియ్యంగా దానికున్న పేరు అందరికీ తెలిసినదే. మన ఇళ్ళలో పలావుకూ మామూలు అన్నానికీ వండేది ఎక్కువగా అదే. దాని జన్మవృత్తాంతం కూడా ఆసక్తికరమే. మలేషియా నుంచి వచ్చిన మషూరి దాని పూర్వీకుల్లో ఒకటి. ఆ మషూరికి ఒకవైపు తైవాన్‌లో పెంచిన జపోనికా జాతి వరి. కొండల దేశపు వరి నెత్తురు కొంత మన డెల్టా కంచంలో ఉన్నదన్నమాట. అయితే ఈ రకం కోతకు రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. కాలువకు నీరు జూన్‌లో వస్తే కోత నవంబరులో ముగుస్తుంది. జూలై చివరకో ఆగస్టుకో వస్తే కోత డిసెంబరులో పడుతుంది. చివరి భూములకు నీరు అందరికంటే ఆలస్యంగా చేరుతుంది కనుక, సముద్రానికి దగ్గరివారి పంటే తుఫాను దారిలో ఎక్కువకాలం నిలబడి ఉంటుంది. నాకు తోచినంతలో, ఈ ప్రాంతానికి తుఫాను హెచ్చరిక తరువాత అంత ముఖ్యమైన వార్త కాలువ నీరు విడుదల చేసే తేదీ.

నదికి కూడా కోపం వస్తుంది. 2009 అక్టోబరులో బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డునూ మించింది. అటువంటి రోజుల్లో రేపల్లె వైపు కరకట్టలే ఊళ్ళకు రక్ష. వరద లేని నెలల్లో సంగతి దీనికి తలకిందులు. ఎగువ జలాశయాలలో నీరు ఆగిపోవడంతో నది చివరి భాగంలో మంచినీటి ఒత్తిడి తగ్గి, పోటుతో పాటు ఉప్పు పైకి ఎక్కుతుంది. ఆ జలాశయాలలో ఒండ్రు కూడా ఆగుతోంది. నది తెచ్చిన ఒండ్రుతో పుట్టిన నేలకు ఆ ఒండ్రు రాకపోతే సముద్రం దానిని కొద్దికొద్దిగా కోస్తుంది.

బాపట్ల తీరపు ఇసుకలో మాత్రం ఒక అపురూపమైన ఏర్పాటు ఉంది. సముద్రం వేల ఏళ్ళ క్రితం ఇంకా లోపలికి ఉండేది. అది వెనక్కి తగ్గుతూ వదిలిన ఇసుక మిట్టలే నేటి దిబ్బలు. వాటిపై పడిన వాన ఇంకి, కింది ఉప్పునీటిపై పొరలా తేలుతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కావడమే కారణం. ఖుర్ఆన్‌లోని ఫుర్ఖాన్ సూరాలో తీపినీరు, ఉప్పునీటి ప్రస్తావన చదివినవారికి ఈ దృశ్యం తప్పక గుర్తుకు వస్తుంది. ఆ పొరను చెడగొట్టకుండా పైపైన నీరు తోడుకునేందుకు ఇక్కడి రైతులు తవ్విన లోతులేని గుంతలే దొరువులు. కడవలతో దిగి నింపుకుని నారుమళ్ళకు, కూరగాయలకు పోసేవారు. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ పాత పద్ధతినే మెరుగుపరచి, కొద్ది లోతులో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, నీటిని ఒక బావిలోకి చేర్చే విధానాన్ని రూపొందించారు.

ఇందులోని లెక్క కఠినమైనది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. ఆ పై అడుగును తోడేస్తే కింది నలభై అడుగులూ కరిగి, ఉప్పు పైకి వస్తుంది. లోతైన బోరు వేసి మోటారుతో ఒకేచోట లాగితే, బోరు కిందనే ఉప్పునీరు గోపురంలా లేస్తుంది. మొదటి ఏడాది తీపిగా ఉన్న నీరు మూడో ఏటికి వజూకు తప్ప వంటకు పనికిరాకుండా పోవచ్చు. ఒకసారి లేచిన ఉప్పు మోటారు ఆపగానే దిగదు. ఎన్నో వానాకాలాలు పడుతుంది.

కనుక ఈ వైపు ఇల్లుగానీ స్థలంగానీ కొనేవారు డిసెంబరులో నీరు రుచి చూసి సంతోషపడకూడదు. అప్పుడు అన్ని బావులూ తీపే. పరీక్షకు నీరు పట్టవలసింది మే నెలలో, పక్కింటి మోటారు కూడా నడుస్తున్నప్పుడు.