కాగితం చదివే యంత్రం

వ్యాపారానికి కాగితమే జ్ఞాపకశక్తి. బిల్లులు, రసీదులు, ఆర్డర్లు అన్నీ ఫైళ్లలో భద్రంగానే ఉంటాయి, అవసరమైన రోజున మాత్రం చేతికి దొరకవు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఎవరో ఒకరు కూర్చుని చూసి టైపు చేయాల్సిందే. ఆ చాకిరీ తగ్గించేందుకు వచ్చిందే అక్షరాలను గుర్తించే యంత్రం, ఓసీఆర్.

డేవిడ్ షెపర్డ్ అమెరికా సైన్యం కోసం రహస్య సంకేతాలు ఛేదించినవాడు. మిత్రుడు హార్వీ కుక్‌తో కలిసి 1951లో తన ఇంటి అటక మీద ‘గిస్మో’ అనే యంత్రాన్ని తయారుచేశాడు. 1953లో పేటెంటు వచ్చింది. 1950ల మధ్యలో రీడర్స్ డైజెస్ట్ సంస్థ అతని కంపెనీ యంత్రాన్ని తెచ్చుకుని, టైపు చేసిన అమ్మకాల నివేదికలను కంప్యూటర్ చదవగలిగే పంచ్ కార్డులుగా మార్చుకుంది.

కిటుకు కాంతిలో ఉంది. తెల్లకాగితం వెలుగును తిప్పి పంపుతుంది, నల్లసిరా మింగేస్తుంది. ఆ తేడాను ఫోటోసెల్ విద్యుత్తుగా మారుస్తుంది. అలా ఏర్పడిన రూపాన్ని యంత్రం తనకు తెలిసిన అక్షరాలతో పోల్చుకుంటుంది. తెలియని అచ్చు ఎదురైతే తొలి యంత్రాలు అక్కడే ఆగిపోయేవి. అందుకే యంత్రం పోల్చుకోగలిగేలా అక్షరాలనే మార్చారు. 1968లో వచ్చిన ఓసీఆర్-ఏ అచ్చు అలాంటిదే. దాని తోడు ఓసీఆర్-బీని నేటికీ పాస్‌పోర్టు అడుగున రెండు వరుసల్లో చూడవచ్చు.

ఈ వరసను తిరగేసినవాడు రే కర్జ్‌వైల్. దాదాపు ఏ అచ్చునైనా చదివే యంత్రాన్ని 1976లో అంధుల కోసం తెచ్చాడు. రెండేళ్లకు అది వ్యాపార సంస్థలకూ చేరింది. 1985–94 మధ్య హ్యూలెట్ ప్యాకర్డ్‌లో రూపుదిద్దుకున్న టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌ను 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడది తెలుగూ చదువుతుంది.

తెలుగు యంత్రానికి అంత తేలిగ్గా లొంగలేదు. ఇంగ్లిషు అక్షరాలు పక్కపక్కనే నిలబడతాయి, మనవి పైకీ కిందికీ పెరుగుతాయి. దుకాణాల పేర్లలో తరచూ కనిపించే ‘లక్ష్మీ’నే చూడండి. ఒక్క ‘క’ మీద గుడిదీర్ఘం, కింద ష ఒత్తు, మ ఒత్తు. అచ్చు తెలుగును గుర్తించడంపై రాజశేఖరన్, దీక్షితులు 1977లోనే పరిశోధన ప్రచురించారు. 2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తెలుగు ఓసీఆర్ వ్యవస్థను ప్రకటించారు.

నేటి సాఫ్ట్‌వేర్ వంకరగా ఉన్న స్కాన్‌ను సరిచేసి, వరుస మొత్తాన్ని ఒకేసారి చూసి చదువుతుంది. అయినా మాసిన బిల్లుమీద 8ని 3గా పొరబడుతుంది. జీఎస్టీ నంబరులోని 15 అక్షరాల్లో చివరిది తనిఖీ కోసమే ఉంది కాబట్టి అక్కడ తప్పు చాలావరకు బయటపడుతుంది. మొత్తం సొమ్ముకు అలాంటి కాపలా లేదు. వస్తువుల ధర, పన్ను కూడితే ఆ మొత్తం రావాలి. స్కాన్ చేసిన ప్రతి బిల్లుకూ ఆ కూడిక సరిచూడండి. అది సరిపోయేదాకా కాగితాన్ని పారేయకండి.