హోమ్సు స్త్రీ యైనచో

అపరాధ పరిశోధక కథలు చదువువారిలో షెర్లాక్ హోమ్సు పేరు విననివా రరుదు. స్కాట్లండు దేశమున బుట్టిన ఆర్థర్ కోనన్ డాయిల్ అను వైద్యుడు 1887వ సంవత్సరమున నీతనిని తొలిసారి లోకమునకు జూపెను. ఒకని పాదరక్షల కంటిన మట్టిని, అరచేతి కాయలను జూచి, వాని వృత్తి యేదో, వాడే త్రోవను వచ్చెనో చెప్పగల ప్రజ్ఞ హోమ్సుది. ఇటీవల కొంద రీతనిని స్త్రీగా మార్చి కథలల్లుచున్నారు. షెర్రీ థామస్ అను రచయిత్రి 2016లో షార్లెట్ హోమ్సు అను యువతిని కల్పించినది. 2018లో జపాను దేశమువారు "మిస్ షెర్లాక్" అను ధారావాహిక చిత్రమున యూకో తకేఊచి అను నటీమణిచే నా పాత్రను ధరింపజేసిరి. అందు హోమ్సునకు తోడైన వైద్యుడు వాట్సను స్థానమునను స్త్రీయే యున్నది.

"ఇది వట్టి వేషపు మార్పు గాక మరేమి?" అని కొందరు నవ్వవచ్చును. నాకట్లు తోచలేదు. హోమ్సు విద్య స్త్రీలకు క్రొత్తది కాదు.

మా తిరుపతి వీధిలో గుమ్మము కడ నిలిచిన యే యిల్లాలినైన నడిగి చూడుడు. ఎదురుగా వచ్చు యాత్రికురాలి గుండుపై చందనపు పూత యున్నది. కుడిచేతి వ్రేళ్ల కొనలయందు పసుపు కుంకుమల మరక యున్నది. దిగుడుమెట్టు కడ మోకాలు పట్టుకొని యాగుచున్నది. "ఈమె కొండకు నడచిపోయి, మెట్టుమెట్టునకు బొట్టు పెట్టి, తల నీలాలిచ్చి వచ్చినది" అని మన యిల్లాలు తడుముకొనక చెప్పును. అలిపిరి త్రోవలో మెట్లు 3,500కు పైబడి యున్నవి గదా. మోకాలు సాక్ష్యము చెప్పక మానునా? చూచినదానిని విడువకుండుట, దానికి కారణమేమని యడుగుట: హోమ్సు చేయునదియు నింతియే.

అయినను అనుమానము వేరు, నిర్ణయము వేరు. ఈ భేదమును మన పురాణములలో దమయంతి యెరిగినట్లు మరియొక్కరెరుగరు. మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్లకడ భారతోత్సవములు జరుగునప్పుడు పగలు హరికథయు, రాత్రి వీధినాటకమును స్త్రీలు చాపలు పరచుకొని కూర్చుండి విందురు. ఆ భారతమందే, అరణ్యపర్వమున, నలోపాఖ్యాన మున్నది. అందొక చక్కని పరిశోధన కథ దాగియున్నది.

అడవిలో తన్ను విడిచిపోయిన భర్త యెందున్నాడో దమయంతి యెరుగదు. నలునికి మాత్రమే మర్మము తెలియు ప్రశ్న నొకదానిని బ్రాహ్మణులకు నేర్పి దేశదేశములకు బంపినది. పర్ణాదుడు తిరిగివచ్చి, అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున నున్న బాహుకుడను కురూపి యా ప్రశ్నకు కన్నీటితో బదులు చెప్పెనని తెలిపెను. ఆమె వెంటనే నమ్మి పరుగెత్తినదా? లేదు. దమయంతికి మరునాటి సూర్యోదయమున ద్వితీయ స్వయంవరమని ఋతుపర్ణునకు వార్త పంపినది. అంత దూరమొక్క పగటిలో రథము తోలగలవాడు నలుడొక్కడే గదా! రథము వచ్చినది. అప్పటికిని తొందరపడలేదు. కేశినిని బంపి బాహుకుని నడవడి కనిపెట్టుమన్నది. వాడు చూచినంతనే కుండలు నీటితో నిండుట, పట్టిన గడ్డిపరక మండుట కేశిని చూచి వచ్చినది. తరువాత వాడు వండిన వంటకము తెప్పించి రుచి చూచినది. తుదకు బిడ్డలను బంపి వాని కన్నీటిని పరీక్షించినది. ఇన్ని సాక్ష్యములు కుదిరిన పిమ్మటగాని రమ్మని పిలువలేదు.

ఇంత బుద్ధికిని తోడొకటి కావలసివచ్చినది. ద్వితీయ స్వయంవరపు టుపాయమును దమయంతి తన తల్లితో నాలోచించినది. తల్లి "నీకేమి తెలియును, ఊరకుండుము" అనలేదు. ఆ తల్లి వినకపోయినచో కథ యక్కడనే యాగిపోయెడిది.

స్త్రీ రూప హోమ్సునకు గల అసలు చిక్కు ఇక్కడనే యున్నది. షార్లెట్ బుద్ధికి కొదువ లేదు. కాని యాడుదాని సలహాకై యెవరు వత్తురు? అందుచే షెర్లాక్ అను రోగియైన సోదరుడు ప్రక్క గదిలో నున్నాడని చెప్పి, వాని మాటగా తన మాట చెప్పవలసివచ్చినది. డాయిల్ గారి కథలోనే హోమ్సు స్త్రీల తెలివిని పరిహసించువాడు. 1891లో వెలువడిన కథలో ఐరీన్ ఆడ్లర్ అను నామె పురుషవేషమున నతని గుమ్మము ముందే శుభరాత్రి చెప్పి పోయినను గుర్తింపలేకపోయెను. అటుతరువాత నాతని పరిహాస మాగిపోయినది. మన తెలుగున 2022లో వచ్చిన "భామాకలాపం" చిత్రములో ప్రియమణి ధరించిన గృహిణికి ఇరుగుపొరుగు సంగతులపై నాసక్తి మెండు. ఆ యాసక్తియే యామెను హత్యావ్యవహారమున చిక్కించినది. అదే యాసక్తి హోమ్సు కున్న ప్రజ్ఞయట, మనకున్న చాడీతనమట!

ఇది కథలతో పోవు మాట కాదు. మా యెరుకలో నొక పెండ్లిచూపులనాడు, ఇంటి పెద్ద మేనత్త వరుని వ్రేలిపై ఉంగరము తీసిన తెల్లని చార చూచినది. జీతము మాట వచ్చినప్పుడెల్ల వాని యన్నగారే బదులు చెప్పుట గమనించినది. "ఉంగరము వదులై తీసియుండవచ్చును, కుదువ బెట్టియు నుండవచ్చును. ఒక్కసారి విచారింపుడు" అని మాత్రమే యామె యన్నది. వంటింటి మాటలని మగవారు త్రోసివేసిరి. పెండ్లియైన యేడాదిలోనే యప్పులవారు వాకిట నిలిచిరి. పిల్ల గాజులు తాకట్టు కొట్టునకు పోయినవి. ఆ ముసలమ్మకు కన్ను లేకపోలేదు. చెవి యొగ్గినవారు లేకపోయిరి.

కావున సోదరీమణులారా, మీ కంటికి దోచినదానిని తేలికగా విడువకుడు. దమయంతివలె పరీక్షింపక నిందయు వేయకుడు. చూచినది చూచినట్లు, తేదీతో కాగితమున వ్రాసియుంచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యము, కూతురో కోడలో పనిమనిషియో "అమ్మా, ఇది నాకు వింతగా నున్నది" అన్నప్పుడు చేతిపని నిలిపి వినుడు. హోమ్సులు మన యిండ్లలో కొందరున్నారు. వాట్సనులే తక్కువ.